వరంగల్ నుంచి హోటల్ ఎంబీఏ: కోర్సు ఎంపిక, శిక్షణ, లెక్క

హాస్పిటాలిటీ ఎంబీఏ గురించి వాకబు చేసేవాళ్లు ముందు ఫీజు అడుగుతారు, తర్వాత ప్లేస్‌మెంట్లు అడుగుతారు. రెండూ అవసరమే. వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. రెండేళ్లలో ఎన్ని వారాలు హోటల్లో పని చేయిస్తారు, ఏయే విభాగాల్లో తిప్పుతారు, చివర్లో సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? హోటళ్లలో పైకుర్చీల్లో ఉన్నవాళ్లలో చాలామంది కింది నుంచి వచ్చినవాళ్లే. ట్రేలు మోశారు, దుప్పట్లు మార్చారు, రాత్రంతా రిసెప్షన్‌లో నిలబడ్డారు. మార్కుల మెమో వాళ్ల చేతికిస్తే ఒకసారి తిప్పి పక్కన పెట్టి, "హౌస్‌కీపింగ్‌లో ఎన్నాళ్లు చేశావు, రోజుకు ఎన్ని గదులు?" అంటారు. అందుకే కోర్సును శిక్షణ చూసి ఎంచుకోవాలి. శిక్షణలో పనితో పాటు ఆ పని వెనక ఉన్న లెక్కను పట్టుకోవాలి. ఎంబీఏ చేసినవాడికీ చేయనివాడికీ తేడా కనపడేది ఆ లెక్కలోనే.

దారులు మూడు

మొదటిది నేరుగా టూరిజం, హాస్పిటాలిటీ పేరుతో ఉన్న ఎంబీఏ. హైదరాబాద్ గచ్చిబౌలిలో నిథమ్ అనే టూరిజం, హాస్పిటాలిటీ సంస్థ ఉంది. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే టూరిజం, ట్రావెల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఐఐటీటీఎంకు గ్వాలియర్ ప్రధాన కేంద్రం, మనకు దగ్గర్లో ఉన్నది నెల్లూరు క్యాంపస్. అక్కడి ఎంబీఏ ట్రావెల్, టూరిజం వైపు మొగ్గుతుంది. ఫ్రంట్ ఆఫీస్ (రిసెప్షన్ పని), కిచెన్ లోతుగా కావాలనుకునేవాళ్లు సిలబస్ ముందే తెప్పించుకుని చూడాలి. హోటల్ మేనేజ్‌మెంట్‌లోనే డిగ్రీ చేసినవాళ్లకు ఐహెచ్‌ఎం అనే హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో కొన్నిటిలో హాస్పిటాలిటీ అడ్మినిస్ట్రేషన్ ఎంఎస్సీ ఉంది. ఒబెరాయ్ గ్రూపు నడిపే శిక్షణ కేంద్రం ఓసీఎల్‌డీ దారి వేరు. అక్కడ రెండేళ్లూ చదువు, డ్యూటీ కలిసే నడుస్తాయి, సీట్లు తక్కువ, వడపోత గట్టిది. ఏ సంస్థ ఏ పరీక్ష స్కోరు తీసుకుంటుందన్నది ఏటా మారే సంగతి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌నే నమ్మాలి, సీనియర్ చెప్పిందాన్ని కాదు.

రెండోది మామూలు ఎంబీఏలో చేరి దాన్ని హోటల్ వైపు మలుచుకోవడం. ఇంటి దగ్గరే ఉండాల్సినవాళ్లకు, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడినవాళ్లకు ఇదే కుదురుతుంది. దీనికి రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయాలి. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. విశ్లేషణ సామర్థ్యానికి 75, గణితానికి 75, కమ్యూనికేషన్‌కు 50. తప్పుకు మార్కు కోత లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. అర్హతకు 50 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 45 శాతం చాలు. కన్వీనర్ కోటాలో సీటొస్తేనే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరి తర్వాత రాష్ట్ర స్కాలర్‌షిప్ సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు పెడదామనుకుంటే కుదరదు. కుటుంబ ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు రెండు లక్షలు. బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు.

ఈ దారిలో స్పెషలైజేషన్ ఎంచుకునేటప్పుడు మార్కెటింగ్ కంటే ఫైనాన్స్ వైపు చూడమంటాం. హోటళ్లకు సేల్స్‌వాళ్లు బయట దొరుకుతారు. ఫుడ్ కాస్ట్ (తిండి అమ్మకాల్లో సరుకు ఖర్చు వాటా), రెవెన్యూ మేనేజ్‌మెంట్ (గిరాకీని బట్టి ధర పెట్టడం), అకౌంట్స్ తెలిసి గెస్టుతోనూ మాట్లాడగలిగినవాళ్లు దొరకడమే కష్టం.

మూడోది ముందు అప్రెంటిస్, తర్వాత ఎంబీఏ. దీన్ని చాలామంది పట్టించుకోరు. డిగ్రీ పాసై ఐదేళ్లు దాటనివాళ్లు, ఏడాది ఉద్యోగానుభవం నిండనివాళ్లు కేంద్ర విద్యాశాఖ అప్రెంటిస్ పోర్టల్ నాట్స్‌లో నమోదు చేసుకుని ఏడాది అప్రెంటిస్‌గా చేరవచ్చు. 2019 నాటి అప్రెంటిస్‌షిప్ నిబంధనల్లో డిగ్రీవాళ్ల కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు. నాట్స్ కింద అందులో సగం కేంద్రం భరిస్తుంది. ఆ ఏడాది గడిచేసరికి ఈ రంగం తనకు పడుతుందో లేదో మనిషికి తెలిసిపోతుంది. పండగ రోజు డ్యూటీ, నిలబడి తొమ్మిది గంటలు, అర్ధరాత్రి గెస్టు కోపం, ఇవన్నీ ఎంబీఏ ఫీజు కట్టాక తెలుసుకోవడం కంటే స్టైపెండ్ తీసుకుంటూ తెలుసుకోవడం చవక.

ఒక హెచ్చరిక. హోటల్ మేనేజ్‌మెంట్, కేటరింగ్ టెక్నాలజీ, వంట శాస్త్రాలను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వకూడని కోర్సుల జాబితాలో యూజీసీ 2020 నిబంధనల్లోనే చేర్చింది. "ఇంట్లో కూర్చుని హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఇంకేమీ అడగక్కర్లేదు. వేరే రాష్ట్రపు యూనివర్సిటీ పేరు చెప్పి హన్మకొండలో రెండు గదుల్లో క్లాసులు చెప్పే చోట్ల, ఆ యూనివర్సిటీకి ఇక్కడ సెంటర్ నడిపే అనుమతి ఉందో లేదో యూజీసీ సైట్లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

సీటుకు ముందు అడగాల్సినవి

కాలేజీవాళ్లను నేరుగా అడగండి. నీళ్లు నమిలితే అదే జవాబనుకోండి.

శిక్షణ ఎన్ని వారాలు? మామూలు ఎంబీఏల్లో వేసవి ప్రాజెక్టు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. హోటల్‌కు ఇది చాలదు. ఒక విభాగంలో చేయి తిరగడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది. ఐదారు నెలలు ఒకే హోటల్లో ఉంచే కోర్సు దొరికితే ఫీజు కొంచెం ఎక్కువైనా ఆలోచించవచ్చు.

హోటల్‌ను కాలేజీ చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా? "మాకు టైఅప్ ఉంది" అంటే కిందటి బ్యాచ్ వెళ్లిన హోటళ్ల పేర్లు, విభాగాల పేర్లు అడగండి. పంపిన పిల్లలందరినీ బాంక్వెట్లలో ప్లేట్లు తీయడానికే వాడుకునే చోట్లు ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో పంపి, సీజన్ కాగానే వెనక్కి పిలిపించుకుంటే అది శిక్షణ కాదు, కూలి.

శిక్షణ రోజులకు హాజరు ఎలా వేస్తారు? రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు చూస్తారు. హోటల్లో ఉన్న రోజుల్లో కాలేజీ బయోమెట్రిక్‌లో వేలు పెట్టలేరు కదా. ఆ వారాలను హాజరుగా లెక్కిస్తామని ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం ముందే తీసుకోవాలి. తిరిగొచ్చాక అడిగితే పని జరగదు.

శిక్షణ కాగితం

హోటల్ హెచ్‌ఆర్‌కు దరఖాస్తు చేరవలసింది శిక్షణ మొదలు కావడానికి రెండు మూడు నెలల ముందు. కాలేజీ లెటర్, ఒక పేజీ రెజ్యూమె, ఆధార్, ఫొటోలు, వైద్య పరీక్ష సర్టిఫికెట్ కావాలి. కిచెన్, సర్వీస్‌లో అడుగుపెట్టాలంటే వైద్య పరీక్ష తప్పనిసరి. తిండి ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఏటా ఆరోగ్య పరీక్ష ఉండాలని ఆహార భద్రత నిబంధనలే చెబుతాయి.

హోటల్ ఇచ్చే లెటర్‌లో ఇవి రాసి ఉన్నాయో లేదో చూడండి: మొదలు, ముగింపు తేదీలు, విభాగాల వారీగా వారాలు, స్టైపెండ్, డ్యూటీలో భోజనం, యూనిఫామ్, వారపు సెలవు, రాత్రి షిఫ్ట్ దిగినవాళ్లకు బండి. విభాగాల పట్టిక లేకపోతే అడిగి వేయించుకోండి. "చేరాక చూద్దాం" అన్నచోట ఆరు నెలలూ ఒకే విభాగంలో గడిచిపోతాయి. మనిషి కొరత ఉన్న విభాగం పని వచ్చిన ట్రైనీని వదలదు.

ఆడపిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టంలో ఉద్యోగి అన్న మాటలో ట్రైనీ, అప్రెంటిస్ కూడా ఉన్నారు. పదిమంది, ఆ పైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దాని సభ్యుల పేర్లు స్టాఫ్ నోటీసు బోర్డు మీద ఉంటాయి, చేరిన రోజే చూసుకోండి.

వసతి సంగతి చిన్నది కాదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లే, రోజూ రైల్లో వచ్చిపోయేవాళ్లు వేలమంది. కానీ హోటల్ షిఫ్టులు రైళ్లకు సరిపోవు. ఉదయం షిఫ్ట్ ఏడింటికి మొదలవుతుంది, సాయంత్రం షిఫ్ట్ రాత్రి పదకొండుకు దిగుతుంది. రెస్టారెంట్లలో బ్రేక్ షిఫ్ట్ అని ఇంకోటుంది. పదకొండు నుంచి మూడు దాకా, మళ్లీ ఏడు నుంచి పదకొండు దాకా. మధ్యలో నాలుగు గంటలు ఎక్కడ పడుకుంటారు? హోటల్‌కు రెండు మూడు కిలోమీటర్లలో హాస్టల్ చూసుకోవాల్సిందే. చాలా చోట్ల ట్రైనీ స్టైపెండ్ ఆ హాస్టల్ అద్దెకు కూడా సరిపోదు, కాబట్టి ఆరు నెలల ఖర్చు ముందే చేతిలో పెట్టుకోవాలి. ఒక పూట తిండి డ్యూటీలో దొరుకుతుంది కాబట్టి హాస్టల్‌లో మూడు పూటలకూ కట్టొద్దు.

ఏ విభాగంలో ఏం పట్టుకోవాలి

జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి, నల్ల పెన్ను రెండు. ప్రతి షిఫ్ట్ తర్వాత అరపేజీ: తేదీ, షిఫ్ట్, విభాగం, ఆ రోజు సంఖ్య ఒకటి, చెడిపోయింది ఒకటి, ఎందుకు చెడింది. గెస్టుల పేర్లు, గది నంబర్లు, ఫోన్ నంబర్లు అస్సలు రాయొద్దు. ఫొటోలు తీయొద్దు.

హౌస్‌కీపింగ్ నుంచి మొదలుపెడితే మంచిది. ఎంబీఏవాళ్లు దీన్ని తప్పించుకోవాలని చూస్తారు గానీ, హోటల్ అమ్మే సరుకు గదే. ఆ సరుకు తయారయ్యేది ఇక్కడ. ఒక అటెండెంట్ ఒక షిఫ్ట్‌లో 12 నుంచి 16 గదులు చేస్తారు. ఖాళీ అయిన గదికి ఎక్కువ సమయం పడుతుంది, గెస్టు ఉన్న గదికి తక్కువ. గడియారం పెట్టుకుని మీరే చూడండి. అప్పుడు మనుషుల లెక్క వేయొచ్చు. రోజుకు 78 గదులు చేయాలి, మనిషికి 14 అనుకుంటే ఆరుగురు ఫ్లోర్ మీద ఉండాలి. వారానికి ఒకరోజు సెలవు కలుపుకుంటే 42 షిఫ్టులకు ఏడుగురు కావాలి. జబ్బు సెలవులు, పండగలు కలిపితే ఎనిమిదో మనిషి. ఒక గది శుభ్రతకు జీతం ఎంత పడుతుందన్నది ఇక్కడి నుంచే తేలుతుంది.

బట్టల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గదులన్నిటికీ ఒకసారి సరిపోయే దుప్పట్లు, గలీబుల సెట్టును ఒక పార్ అంటారు. ఒక సెట్టు మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి ఫ్లోర్ ప్యాంట్రీలో, ఒకటి స్టోర్‌లో ఆరిపోయి విశ్రాంతిగా. బయటి లాండ్రీకి వేసే హోటల్‌కు నాలుగు పార్ ఉండాలి. 60 గదులు, గదికి నాలుగు దిండు గలీబులు అంటే 240, నాలుగు పార్‌కు 960. మూడు పార్‌తో నడిపితే ఏమవుతుంది? లాండ్రీ ఒక్కరోజు ఆగితే మధ్యాహ్నం రెండు గంటలకు గదులు సిద్ధం కావు, రిసెప్షన్‌లో గెస్టులు నిలబడిపోతారు. పైగా విశ్రాంతి లేని బట్ట తొందరగా చిరుగుతుంది. కొనేటప్పుడు మిగిలింది చింపేటప్పుడు పోతుంది.

ఫ్రంట్ ఆఫీస్‌లో చెక్‌ఇన్ చేయడం వారంలో వచ్చేస్తుంది. పట్టుకోవాల్సింది తేడాల జాబితా. హౌస్‌కీపింగ్ ఉదయం, సాయంత్రం గది గదికీ తిరిగి స్థితి రాసి పంపుతుంది. రిసెప్షన్ కంప్యూటర్‌లో ఉన్నదానితో దాన్ని పోల్చాలి. కంప్యూటర్‌లో గెస్టు ఉన్నట్టుంది, గది ఖాళీగా ఉందనుకోండి, దాన్ని స్లీపర్ అంటారు. చెక్అవుట్ వేయడం ఎవరో మరిచారు. ఆ రాత్రి ఆ గది అమ్ముడుపోదు. గెస్టు బిల్లు కట్టకుండా వెళ్లిపోతే స్కిప్పర్. సామాను ఉండి మంచం నలగకపోతే స్లీప్‌అవుట్. ఇవి నెలకు ఎన్ని, ఏ షిఫ్ట్‌లో ఎక్కువ అని రాసుకుంటూ పోతే నెలాఖరుకు మీ దగ్గర ఓ నివేదిక తయారవుతుంది. దాన్ని చూపించిన ట్రైనీని ఏ మేనేజరూ మరచిపోడు.

నైట్ ఆడిట్‌లో కనీసం రెండు వారాలు వేయమని అడగండి. రాత్రి రెస్టారెంట్ బిల్లులు, కేఓటీలు (కిచెన్‌కు పంపే ఆర్డరు చీటీలు) ఒకదానితో ఒకటి సరిచూస్తారు, గది అద్దెలు ఖాతాల్లో వేస్తారు, పరిమితి దాటిన బాకీల జాబితా తీస్తారు, రాని బుకింగులు గుర్తిస్తారు, తర్వాతే కంప్యూటర్‌లో తేదీ మారుస్తారు. కేఓటీ ఉంది, బిల్లు లేదంటే తిండి బయటికెళ్లింది, డబ్బు రాలేదు. హోటల్ మొత్తం ఒక్క కాగితం మీద కనపడేది ఈ షిఫ్ట్‌లోనే.

విదేశీ గెస్టు వస్తే పాస్‌పోర్టు, వీసా వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పంపాలి. హోటళ్లలో దీన్ని సీ-ఫారం అనే పిలుస్తారు. రామప్పకు 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక వరంగల్, ములుగు వైపు హోటళ్లలో పనిచేసేవాళ్లు కూడా నేర్చుకోవాల్సిన పని ఇది.

కిచెన్‌లో వంట నేర్చుకోవాలన్న ఆశ వద్దు, ఆ సమయం చాలదు. మూడు చూసుకోండి: ఉష్ణోగ్రత, నిల్వ, దిగుబడి. వేడిది 60 డిగ్రీలకు తగ్గకూడదు, చల్లనిది 5 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18. బఫే పెట్టినప్పుడు కింద మంట ఆరిపోయి పప్పు గోరువెచ్చగా మారడం రోజూ జరిగే తప్పు. థర్మామీటర్ పెట్టి రాస్తే తెలుస్తుంది.

దిగుబడిని ఒక చేప మీద చూద్దాం. పది కిలోల రవ్వ చేప (రోహు), కిలో 220 లెక్కన 2,200 రూపాయలు. పొలుసు, తల, పేగులు తీసి ముక్కలు కొట్టాక మిగిలింది ఆరు కిలోలనుకోండి. ప్లేటుకు 150 గ్రాములు పెడితే 40 ప్లేట్లు, ప్లేటుకు చేప ఖర్చు 55 రూపాయలు. కొత్తగా వచ్చినవాళ్లు 220ని 150 గ్రాములకు లెక్కగట్టి 33 అంటారు. ఆ 22 రూపాయల తేడా మీదే చిన్న రెస్టారెంట్లు మూతపడుతుంటాయి. నూనె, మసాలా, అన్నం కలిపి ఇంకో 35 అయితే ప్లేటుకు 90. ఫుడ్ కాస్ట్ 30 శాతంలో ఉండాలంటే మెనూలో 300 పెట్టాలి. 33 లెక్కతో వెళ్లినవాడు 230కే అమ్ముతాడు, అసలు ఖర్చు 39 శాతమైందన్న సంగతి నెలాఖరుకు గానీ తెలియదు.

నెల లెక్క ఇలా ఉంటుంది. మొదటి రోజు స్టాక్ 1,80,000. కొన్నది 4,20,000. చివరి రోజు మిగిలింది 1,50,000. వాడింది 4,50,000. అందులో స్టాఫ్ భోజనం 30,000 తీసేస్తే 4,20,000. తిండి అమ్మకాలు 14,00,000 అయితే ఫుడ్ కాస్ట్ సరిగ్గా 30 శాతం. స్టాఫ్ భోజనం తీయడం మరిచిపోతే 32కు పైగా కనపడి షెఫ్ అనవసరంగా తిట్లు తింటాడు.

బాంక్వెట్ మన ప్రాంతంవాళ్లకు కొత్తేం కాదు, పెళ్లి దావత్‌లో ప్లేటు లెక్క అందరికీ తెలుసు. హోటల్లో అది కాగితం మీద ఉంటుంది. పార్టీవాళ్లు ఇంతమందికి గ్యారంటీ అని సంతకం పెడతారు, వంట దానికి కొంచెం ఎక్కువే చేస్తారు. గొడవ వచ్చేది చివర్లో, 300 గ్యారంటీకి 360 మంది తిన్నారన్నప్పుడు. విందు మొదలవకముందే కౌంటర్ దగ్గర పెట్టిన ప్లేట్లు లెక్కపెట్టి పార్టీ తరఫు మనిషితో సంతకం చేయించాలి, మధ్యలో కొత్త ప్లేట్లు తెస్తే మళ్లీ సంతకం. కడిగిన ప్లేట్లు తిరిగి కౌంటర్‌కు తెస్తే లెక్క పోయినట్టే.

గది అద్దె లెక్క

రెవెన్యూ అనగానే భయపడక్కర్లేదు. 120 గదుల హోటల్. నిన్న 78 గదులు అమ్మింది. వచ్చింది 2,73,000. ఆక్యుపెన్సీ 65 శాతం. సగటు గది ధర, అంటే ఏఆర్‌ఆర్, 3,500. మొత్తం గదులతో భాగిస్తే రెవ్‌పార్ 2,275. ఇప్పుడు ధర 3,900 చేస్తే 72 గదులే పోయాయనుకోండి. వచ్చింది 2,80,800. రెవ్‌పార్ 2,340. ఆరు గదులు తక్కువ అమ్మి ఎక్కువ సంపాదించింది, పైగా ఆరు గదుల శుభ్రత, లాండ్రీ ఖర్చు మిగిలింది. ఆక్యుపెన్సీ ఒక్కటే చూసి మురిసిపోయే యజమానికి ఇది చూపించాలి. అయితే ఆ ఆరుగురు గెస్టులూ రెస్టారెంట్లో ఎంత తినేవాళ్లో కూడా లెక్కలోకి తీసుకోండి. లేకపోతే సగమే చెప్పినట్టు.

పన్ను దగ్గర చాలామంది ఎంబీఏ ప్రాజెక్టులు తప్పుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే వీలు) లేదు. దాటితే 18 శాతం, క్రెడిట్ ఉంది. 7,400 గదికి గెస్టు 7,770 కడతాడు. 7,600 గదికి 8,968. హోటల్ పెంచింది 200, గెస్టుకు పెరిగింది 1,198. ఆ గీత దగ్గర్లో ఉన్న హోటళ్లు ధర పెంచడానికి ఎందుకు వెనకాడతాయో అర్థమవుతుంది.

క్రెడిట్ లేకపోవడం చిన్న హోటల్‌ను ఇంకోచోట కూడా కొడుతుంది. 3,000 గదిని బుకింగ్ యాప్ ద్వారా అమ్మితే, కమిషన్ 18 శాతం అనుకుంటే 540. ఆ కమిషన్ మీద జీఎస్టీ 18 శాతం అంటే 97. చేతికొచ్చేది 2,363. ఆ 97 వెనక్కి రాదు, ఖర్చే. నేరుగా ఫోన్ చేసిన గెస్టుకు 2,700కు ఇచ్చినా హోటల్‌కు లాభమే. హన్మకొండలో ఏ హోటల్ యజమాని దగ్గరికైనా ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేటప్పుడు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసుకెళ్లండి.

ప్రాజెక్టు ఇక్కడిదే చేయండి

హైదరాబాద్ ఐదు నక్షత్రాల హోటల్లో కస్టమర్ శాటిస్‌ఫాక్షన్ మీద వంద ప్రశ్నావళులు పంచిన ప్రాజెక్టులు ప్రతి కాలేజీ లైబ్రరీలో దుమ్ము పట్టి ఉంటాయి. ఇంకోటి అక్కర్లేదు. వరంగల్ గదుల గిరాకీ విచిత్రంగా ఉంటుంది, దాని మీద చేయండి. ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే రోగుల వెంటవాళ్లు, నిట్‌కు వచ్చేవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప చూసేవాళ్లు, లక్నవరం వెళ్లే శనాదివారాల గుంపులు, అన్నిటికీ మించి ముహూర్తాలు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తే లెక్కలన్నీ తలకిందులవుతాయి.

పద్ధతి ఇది. ఒకే తరగతి హోటళ్లు ఐదారు ఎంచుకోండి. పర్యాటక అభివృద్ధి సంస్థ హరిత కాకతీయను కూడా కలిపితే ప్రభుత్వ, ప్రైవేటు పోలిక వస్తుంది. పంచాంగం చూసి మూడు రకాల తేదీలు గుర్తించండి: మామూలు వారపు రోజు, శనాదివారం, గట్టి ముహూర్తం. రెండు నెలల పాటు రోజూ ఒకే సమయానికి ఆ తేదీల ధరలు రాయండి. ధర పక్కన గది రకం, రద్దు షరతు, పన్ను కలిపారా లేదా, భోజన ప్లాన్ తప్పక ఉండాలి. ఈపీ అంటే గది మాత్రమే, సీపీ అంటే టిఫిన్‌తో, ఎంఏపీ టిఫిన్‌తో పాటు ఒక పూట, ఏపీ మూడు పూటలూ. ఒక హోటల్ ఈపీ ధరను ఇంకో హోటల్ సీపీ ధరతో పోల్చడం ఈ ప్రాజెక్టుల్లో మామూలుగా కనపడే తప్పు. అక్కడితో పట్టికంతా చెత్త.

గదులు నిజంగా ఎన్ని అమ్ముడుపోయాయో యజమానులు చెప్పరు. పన్ను భయం. సంఖ్య అడగకండి, "ఈ నెలలో ఏ రోజులు ఫుల్ బోర్డు పెట్టారు?" అని అడగండి. అది చెబుతారు. ముహూర్తానికి ఎన్ని రోజుల ముందు ధర పెరిగిందో, అసలు పెరిగిందో లేదో తేలితే ప్రాజెక్టు పూర్తయినట్టే. ధర పెంచకుండానే పది రోజుల ముందు నిండిపోయిన హోటల్ దొరికితే, ఆ యజమాని ఎంత వదులుకున్నాడో లెక్కగట్టి చూపించండి.

బయటి దేశాలు

మాస్టర్స్ కోసం స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు ఉన్నారు. లోజాన్‌లోని ఈహెచ్‌ఎల్ 1893 నుంచి నడుస్తోంది. ఫీజు రూపాయల్లోకి మార్చి చూశాకే మిగతాది మాట్లాడుకోవాలి. ఏ దేశమైనా ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమా, మనమే వెతుక్కోవాలా, దొరకకపోతే డిగ్రీ ఆగుతుందా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. విడివిడిగా అడగాలి.

అమెరికాలో జే-1 వీసా మీద హోటల్ శిక్షణకు గరిష్ఠంగా 12 నెలలే. ఇంటర్న్‌గా అయితే చదువుతూ ఉండాలి, లేదా పాసై ఏడాది దాటకూడదు. ట్రైనీగా అయితే డిగ్రీతో పాటు అమెరికా బయట ఏడాది అనుభవం చూపాలి. డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక మీద హోటల్, వీసా స్పాన్సర్ సంస్థ, మీరు సంతకాలు చేస్తారు. ఆరు నెలలు, ఆ పైన ఉండే హోటల్ శిక్షణలో కనీసం మూడు విభాగాల్లో తిప్పాలన్నది అక్కడి నిబంధన. ప్రణాళికలో ఒకటే విభాగం కనపడితే సంతకం పెట్టొద్దు.

గల్ఫ్ మాట కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎలాగూ వస్తుంది. దుబాయ్, దోహా హోటళ్లలో మంచి అనుభవం దొరుకుతుంది, అందులో సందేహం లేదు. ఏజెంటు లైసెన్స్ నంబర్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ప్రకటనలు కూడా చూస్తుండండి. విజిట్ వీసా మీద వచ్చి చేరు, తర్వాత మారుస్తాం అన్నా, ఆజాద్ వీసా (అక్కడికెళ్లి ఎక్కడైనా పని వెతుక్కోవచ్చని చెప్పి అమ్మేది) అన్నా వెళ్లొద్దు. ఆ వీసాల మీద చేసిన పనికి అనుభవ సర్టిఫికెట్ రాదు, వచ్చినా తర్వాతి హోటల్‌వాళ్లు వీసా పేజీ అడిగినప్పుడు అది పనికిరాదు.